మా అక్క తీగ

మొన్న ఆదివారం మధ్యాహ్నం మా కోడలు కొత్తగా కొనుక్కున్న యుకులేలేను, అదే ఆ బుల్లి గిటారులాంటి దాన్ని, ఒళ్ళో పెట్టుకుని, ఫోనులో ఎవరో చెబుతున్న పాఠం చూస్తూ, పాపం పడుతూ లేస్తూ వాయించుకుంటుంటే, నా దగ్గరా ఒకటుందమ్మా అని నోరు జారాను. ఇంకేముంది, అప్పటికప్పుడు స్టూలెక్కి బీరువా మీద నుంచి దాన్ని దింపి, గుడ్డ సంచిలోంచి తీసి, అంత చిన్న వాయిద్యాన్ని మామగారు వాయించేవారా అన్నట్టు నన్నూ దాన్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత ఫోను దగ్గరగా పెట్టి ఒక్కో తీగా మీటింది. నాలుగో తీగ మీటాక ఆమె కనుబొమలు పైకి లేచాయి.

"మావయ్యగారండీ, వాడకుండా వదిలేస్తే ఒక్కో తీగ ఒక్కోలా జారాలి కదండీ. మీవి నాలుగూ సరిగ్గా ఒకే లెక్కన కిందకున్నాయేంటండీ? సరిచేసేయనా?"

వద్దమ్మా, అలా ఉండనీ అన్నాను. లోపల కుక్కరు కూత వేయడంతో ఆమె వెళ్ళిపోయింది కాబట్టి ఎందుకని అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేవాడినో తెలియదు. రెండు మూడు నెలలకొకసారి, ఇంట్లో ఎవరూ లేనప్పుడు దాన్ని దింపి, చెవికి గుర్తున్న చోటికి తీగల్ని తెచ్చి మళ్ళీ పైన పెడుతుంటానని ఇంట్లో ఎవరికీ తెలియదు.

యుకులేలే అనేదాన్ని మొదట మా ఏలూరుకు తెచ్చింది మా బావగారు. మా అక్క భర్త. గూడ్సు బళ్ళ మీద గార్డుగా పనిచేసి రిటైరైన మనిషి. మన ఈడు వాళ్ళకు చెప్పనక్కరలేదు, ఉద్యోగం అయిపోయిన కొత్తలో పొద్దు ఎంత పొడుగ్గా ఉంటుందో. ఆయన గిటారు కొనుక్కుందామని బెజవాడ వెళితే, షాపతను ఆయన వేళ్ళ కణుపులు చూసి, దీనికి నాలుగే తీగలండి, నైలానువి, వేళ్ళు కోసుకుపోవండి అని దీన్ని చేతిలో పెట్టాడట. ఆయన దాన్ని చంకన పెట్టుకుని స్టేషను నుంచి నడిచి వస్తుంటే, వీధి చివర బియ్యం కొట్టాయన గల్లాపెట్టె దగ్గర నుంచే, "ఏవండీ గార్డుగారూ, గిటారు పిల్లను పెట్టిందా అండీ?" అని అరిచాడు. ఆ అరిచినాయనే నెల తిరక్కుండా తానూ ఒకటి తెప్పించుకున్నాడు. ఆయన్ను మేమంతా అన్నయ్యగారు అనేవాళ్ళం.

అలా ఒక్కొక్కరే చేరారు. మా అక్క నేర్చుకుంది. కొల్లేరు లంక గ్రామం నుంచి వచ్చి మా ఊళ్ళో స్థిరపడిన ఒక టీచరమ్మ చేరింది. ఇంకా ఇద్దరు ముగ్గురు. ఆదివారం ఆరాధన అయ్యి, అన్నాలు తిని ఓ కునుకు తీశాక, చర్చి పక్కన సండేస్కూలు గదిలో, అంచులు పీచులు లేచిపోయిన మా ఊరి పాత తివాచీ ఒకటి పరుచుకుని కూర్చునేవారు. అన్నయ్యగారు నుదుట కుంకుమతో వచ్చి చెప్పులు బయట విడిచి, కీర్తనలకూ సినిమా పాటలకూ ఒకే భక్తితో తల ఊపేవాడు. అక్క ఫ్లాస్కులో టీ, టీచరమ్మ తెచ్చిన పునుగులు. అందరూ వాయించేవాళ్ళే కానీ పాడవలసింది మాత్రం బావగారే. గూడ్సు బండి చివరి పెట్టెలో ఒంటరిగా ఏళ్ళకేళ్ళు పాడుకున్న గొంతు అది. గది కిటికీ పక్కన సైకిలు ఆపి వినేవాళ్ళుండేవారు.

ఆ మరుసటేడు ఆయనకు గొంతు దగ్గర ఆపరేషన్ అయింది. కొన్నాళ్ళు మాటే లేదు. మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవారని, అన్నం పెడితే తినేవారు కాదని అక్క నాతో ఫోనులో చెప్పి ఏడిచింది. నేనప్పుడు తాడేపల్లిగూడెం కాలేజీలో ఫిజిక్సు చెబుతూ, పొద్దున్న ప్యాసింజరుకు పోయి రాత్రికి వస్తూ, తీరిక లేనట్టు నటిస్తూ, ఎన్నిసార్లు వెళ్ళి చూశానో తలచుకుంటే సిగ్గేస్తుంది. ఆయన్ను మళ్ళీ లేపి కూర్చోబెట్టింది నేను కాదు, ఆదివారాలే. నేను రిటైరై, నేనూ ఒకటి కొనుక్కుని ఆ తివాచీ మీద చోటు సంపాదించుకునేసరికి ఆయన మళ్ళీ పాడుతున్నారు. గొంతు ముదిరింది కానీ పాట నిండుగానే ఉంది. గొంతు తిరిగొచ్చిందయ్యా, డాక్టరే ఆశ్చర్యపోయాడు అని నాతో గర్వంగా చెప్పుకున్నారు.

అక్కడొక ఆనవాయితీ ఉండేది. వాయించడం మొదలుపెట్టే ముందు మా అక్క తన యుకులేలే మీద ఒక్కో తీగా మీటేది. అందరూ చెవులు అటు ఒగ్గి, బిరడాలు తిప్పుకుంటూ తమ తీగను ఆ తీగకు కలుపుకునేవారు. ఆ కాసేపూ గదిలో ఎవరూ మాట్లాడేవారు కాదు. శ్రుతి అంటే మా అక్క తీగే. నాకది మొదటి రోజే నచ్చలేదు. శబ్దానికొక లెక్కుంటుంది, లోకమంతా ఒప్పుకున్న లెక్క, జీవితమంతా నేను నల్లబల్ల మీద రాసిన లెక్క. మా అక్క తీగ దానికి ఒక శ్రుతి కిందకుంది. ఆ మాటే అంటే అన్నయ్యగారు నా మోకాలి మీద చెయ్యేసి, "ఆయ్, మనకి ఇలాగే బాగుందండి లెక్చరర్ గారూ. మరీ బిగించకండి" అన్నాడు. ఆయన కళ్ళలోకి చూసి ఉంటే నాకు అర్థమయ్యేదేమో. నేను చూడలేదు. బియ్యం అమ్ముకునే మనిషికి శబ్దం సంగతి ఏం తెలుస్తుందనుకుని, ఆయనకు పావుగంట పాఠం చెప్పాను. ఆయన మర్యాదగా విన్నాడు.

తర్వాత నేనొక ట్యూనర్ తెప్పించాను. బట్టల క్లిప్పులా యుకులేలే తలను పట్టుకుని, తీగ సరిగ్గా ఉంటే ఆకుపచ్చ దీపం చూపించేది. ఆ వారమే టీచరమ్మ వాళ్ళ లంక గ్రామంలో చర్చి కోతపండుగకు మమ్మల్ని పాడడానికి పిలిచారు. రెండు ఆటోల్లో బయలుదేరాం. దారికి రెండువైపులా చేపల చెరువులు, మధ్యలో నీళ్ళు చిమ్ముతూ తిరిగే చక్రాలు. మా చిన్నప్పుడు ఇదంతా దోనెల మీదే వెళ్ళేవాళ్ళమండి అని టీచరమ్మ చెబుతూంటే, నేను అడ్డుపడి బావగారికి నా ట్యూనర్ చూపించాను. మనిషి చెవి మోసపోతుంది కానీ ఇది తప్పు చెప్పదు బావగారూ అన్నాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "అయితే నువ్వు పాఠాలు చెప్పినన్నాళ్ళూ దీన్నెందుకు కొనలేదయ్యా, పిల్లలు బాగుపడుదురు" అన్నారు. ఆటోవాడితో సహా అందరం నవ్వాం.

చర్చి ముందు పందిరి వేశారు. వాళ్ళు తొలిపంటగా తెచ్చిన ధాన్యం, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, తడిగోనెల్లో ఇంకా కదులుతున్న కొర్రమీనులు, అన్నీ ఒకవైపు. వాటి వేలంపాట తర్వాత మొదలవుతుంది. అక్కను ఆడవాళ్ళు పొయ్యిల దగ్గరికి లాక్కుపోయారు. మా యుకులేలేలన్నీ బల్ల మీద వరసగా పెట్టి ఉన్నాయి. నేను ఒక్కణ్ణీ కూర్చుని, ఒక్కోదానికీ క్లిప్పు తగిలించి, అన్నిటినీ, అక్కదానితో సహా, ఆకుపచ్చ దీపం వెలిగేదాకా బిగించాను. ఎవరినీ అడగలేదు. పని పూర్తయ్యాక ఒక మంచి పని చేసినట్టు చేతులు దులుపుకున్నాను.

మైకులో మా పేర్లు పిలిచేసరికి అక్క చేతులు కొంగుకు తుడుచుకుంటూ పరుగున వచ్చింది. మొదటి మీటుకే ఆమె ముఖం పాలిపోయింది. నావైపు చూసింది. నేను నవ్వాను, ఎంత బాగుందో చూశావా అన్నట్టు. ఆమె చెయ్యి బిరడా మీదికి పోయింది కానీ అప్పటికే బావగారు పాట ఎత్తుకున్నారు.

పల్లవి ఎలాగో గడిచింది. చరణంలో పాట పైకి వెళ్ళే చోట ఆయన గొంతు చీలిపోయింది. మైకులో అది ఇంకా పెద్దగా వినిపించింది. ఆయన కళ్ళు మూసుకుని, మెడ నరాలు ఉబ్బేలా మళ్ళీ అందుకోబోయారు. మళ్ళీ చీలింది. ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వితే, "ఏయ్, ఊరుకోండెహె, పెద్దాయనకి ఒంట్లో బాలేదేమో" అని ఒకాయన గదిమాడు. ఆ జాలి ఆ నవ్వు కన్నా పెద్దగా వినబడింది. టీచరమ్మ చరణం అందుకుని పాట ఒడ్డుకు చేర్చింది. బావగారి పెదవులు కదులుతున్నాయి, చేతులు ఆగిపోయాయి.

వేలంపాటలో ఆ గదిమినాయనే ఒక గుమ్మడికాయ పాడి, తెచ్చి బావగారి చేతిలో పెట్టాడు. తిరుగుదారిలో ఆయన యుకులేలేను ఆటో వెనక సామాన్లలో పడేసి, ఆ గుమ్మడికాయను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. చెరువుల మీద కొంగలు దిగుతున్నాయి. "అయిపోయిందయ్యా గొంతు" అన్నారు, ఎవరితోనో కాదు, గుమ్మడికాయతో అన్నట్టు.

మర్నాడు పొద్దున్న అక్క నన్ను వాళ్ళ పెరట్లోకి పిలిచింది. ఆపరేషన్ తర్వాత ఆయన గొంతు నిజానికి తిరిగి రాలేదు. ఆయన పాట దగ్గరికి వెళ్ళలేకపోతే పాటనే ఆయన దగ్గరికి దించింది మా అక్క. తీగలు అలాగే ఉంచి పాటనే కింది శ్రుతిలో వాయిస్తే వేళ్ళు పెట్టే చోటు మారి ఆయనకు తెలిసిపోతుంది. అందుకని వారం వారం, చెవికి తెలియనంత, తన తీగలు కొంచెం కొంచెం వదులు చేస్తూ వచ్చింది. అందరూ ఆ తీగకే కలుపుకుంటారు కాబట్టి గది గదంతా ఆయనతో పాటు కిందకు దిగింది. అన్నయ్యగారికి తెలుసు, టీచరమ్మకు తెలుసు. ఎవరూ ఎవరితోనూ అనుకోలేదు. మా వైపు మర్యాద అంతే, తెలిసిన సంగతిని తెలియనట్టు మోయడం. తెలియంది ఆయనకూ నాకే.

"ఆయనకి చెబితే పాడతారేంట్రా? నాకోసం అందరూ వంగి కూర్చున్నారా అని ఇంక ఆ గది గడప తొక్కరు" అంది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "నువ్వొక్క మాట చెప్పరా. మిషన్ సరిగ్గా చూడక మరీ ఎక్కువ బిగించేశాను బావగారూ, పొరపాటు నాది అను. అంతే చాలు. మిగతాది నేను చూసుకుంటాను" అంది.

ఒక్క మాట. వసారాలో బావగారు పేపరు చదువుకుంటున్నారు. వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. కాఫీ తాగాను. చెరువు గట్ల గురించి, రైళ్ళ ఆలస్యాల గురించి మాట్లాడాను. ఆ ఒక్క మాట రాలేదు. ముప్పై ఏళ్ళు శబ్దం గురించి పాఠం చెప్పినవాణ్ణి, నాలుగు తీగలు తప్పుగా బిగించానని నా నోటితో ఎలా చెప్పను? నేను బిగించింది సరిగ్గానే కదా! నా లోపల కూర్చున్న ఆ మాష్టారు అంత పట్టుగా కూర్చున్నాడు. అబద్ధం ఆడలేని మంచివాణ్ణని నాకు నేనే చెప్పుకున్నాను. అది మంచితనం కాదని ఇప్పుడు ఒప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

అక్క మళ్ళీ అడగలేదు. తన తీగల్ని మళ్ళీ దించింది, ఆదివారాలు మళ్ళీ మొదలయ్యాయి, బావగారు వచ్చి కిటికీ దగ్గర కూర్చుని వాయించేవారు. పాడమంటే చెయ్యి అడ్డంగా ఊపేవారు. అలా చూసి చూసి, వానాకాలం కూడా వచ్చాక ఒకనాడు, కాలవ గట్టు మీద ఇద్దరం నడుస్తున్నప్పుడు, ఉండబట్టలేక ఆ మాట చెప్పేశాను. ఆ రోజు నేనే తప్పుగా బిగించాను బావగారూ, మీ గొంతుదేం లేదు, తప్పంతా నాదే అన్నాను.

ఆయన ఆగి, నా భుజం మీద చెయ్యేసి నవ్వారు. "నువ్వు మంచోడివయ్యా. నన్ను పాడించడానికి అబద్ధం కూడా నేర్చుకున్నావు. కానీ ఆ మిషన్ తప్పు చెప్పదని నువ్వే కదా అన్నావు?"

పండుగ మర్నాడే చెప్పి ఉంటే నమ్మేవారేమో. గొంతు పోయిందని ఒక మనిషి నమ్మకానికి వచ్చేయడానికి ఎన్నాళ్ళు పడుతుందో, అన్నాళ్ళూ నేను కాఫీలు తాగుతూ గడిపాను. ఆయన ఆ తర్వాత కొన్నేళ్ళున్నారు. ఒక్కసారి కూడా పాడలేదు. అక్క ఆఖరిదాకా నన్ను ఒక్క మాట అనలేదు. ఇప్పుడు ఆమె కూడా లేదు. అన్నయ్యగారి వేళ్ళు వంకర్లు పోయాయి, టీచరమ్మ కూతురి దగ్గరికి తాడేపల్లిగూడెం వెళ్ళిపోయింది. ఆ గదిలో ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలు, పెద్ద స్పీకర్లు ఉన్నాయి. తివాచీ ఏమైందో తెలియదు. ఆ ట్యూనరు మాత్రం నేనే పారేశాను.

ఈ రోజుల్లో పిల్లలు మాకన్నా బాగా వాయిస్తున్నారు, అందులో సందేహం లేదు. ప్రతి ఒక్కరి ఫోనులోనూ సరైన శ్రుతి ఉంది. మొదలుపెట్టే ముందు ఎవరి తీగ కోసమూ ఎవరూ ఆగనక్కరలేదు. నా మనసు పోయేది మాత్రం, మాట్లాడకుండా తలలు వంచి, ఎదుటి మనిషి తీగ ఎక్కడుందో వెతుక్కునే ఆ కాసేపటి మీదికే.

సాయంత్రం కోడలు మళ్ళీ వచ్చి కూర్చుంది. ఏదైనా వాయించండి మావయ్యగారండీ అంటే, ఆ కోతపండుగ పాట ఎత్తుకున్నాను. అదెప్పుడూ నేను పాడిన పాట కాదు. ఈ వయసులో నా గొంతూ బాగా కిందకు జారిపోయిందని చరణంలో తెలిసింది. పాట పైకి వెళ్ళే చోట, ఇక అందదేమో అనుకుంటూ వెళితే, మా అక్క ఎప్పుడో దించి పెట్టిన ఆ శ్రుతిలో అది చేతికందేంత దగ్గరగా ఉంది. అందింది. ఆ తర్వాత కాస్త ఆగవలసి వచ్చింది.

కోడలు నావైపు చూసింది. తన ఫోను పక్కన బోర్లించి, చెవి ఇటు ఒగ్గి, బిరడాలు తిప్పుతూ తన తీగల్ని నా తీగలకు దించుకోసాగింది. మూడో తీగ ఇంకా కొంచెం ఎక్కువగానే ఉండిపోయింది. నేనేమీ అనకుండా పాట మళ్ళీ ఎత్తుకున్నాను.