చెట్టెక్కే ముందు కేక

ఈ రోజు మా కొబ్బరిచెట్టుకి ఎండుమట్టలు కొట్టడానికి హనుమాన్ జంక్షన్ నుంచి సూరన్న వచ్చాడు. నడుముకి మోకు, కాళ్ళకి బంధం వేసుకున్నాక కూడా ఎక్కలేదు. పైనుంచి అందరి పెరళ్ళూ, స్నానాల తడకలూ కనిపిస్తాయి గనక, ఎక్కేముందు కేకవేసి ఆడవాళ్ళని లోపలికి పంపాలి. జలుబుతో అతని గొంతు పోయింది. "కేకెయ్యకుండా ఎక్కనండి మేష్టారూ, మీరెయ్యండి," అని మా మామగారిని గుసగుసగా అడిగాడు.

ఆయన రిటైరైన తెలుగు మేష్టారు. గొంతు సవరించుకుని, రేడియోలో వార్తలు చదివినట్టు, "స్త్రీలు గమనించగలరు! కొద్ది నిమిషాలలో వృక్షారోహణము జరుగును!" అన్నారు.

లోపలికెళ్ళాల్సిన ఆడవాళ్ళంతా బిందెలతో బయటికొచ్చారు. "కుళాయి ఎన్నింటికి కట్టేస్తారంటండీ?" అని పక్కింటి రమణమ్మగారు కంగారుగా అడిగారు.

సూరన్న చెట్టుని పట్టుకుని నవ్వలేక దగ్గుతున్నాడు. చివరికి మా అత్తగారు వంటింట్లోంచి వచ్చి, "చెట్టెక్కుతున్నాడమ్మో!" అని ఒక్క కేక పెట్టారు. క్షణంలో పెరళ్ళన్నీ ఖాళీ.

పచ్చమట్ట ఒక్కటీ తెగకుండా ఎండినవన్నీ దిగాయి. ఇప్పుడు మామగారు పెరట్లో, ఎవరూ వినడంలేదనుకుని, "ఎక్కుతున్నాడమ్మో" అని మెల్లగా సాధన చేస్తున్నారు. మీ వీధిలో ఏమని కేకేస్తారో చెప్పండి. ఇంతకన్నా సులువైన పాఠం ఉంటే ఆయనకి చెబుతాను.