మొగ దగ్గర దుర్గవ్వ చేతిలెక్క

ఎల్లారెడ్డి అంగట్లో మామిడికాయలు కొన్నవాళ్లెవరినడిగినా దుర్గవ్వ చేతిలెక్క గురించి చెబుతారు. ఐదు కాయలు ఒక చెయ్యి, ఇరవై చేతులు నూరు. నూరు నిండగానే ఇంకో చెయ్యి కాయలు గంపలో పడేసి, "ఇది కొసరు, లెక్కల రాదు" అనేది. ముప్ఫై ఏళ్లు అలాగే ఎంచింది. నోరున్న బేరగాళ్లు కూడా ఆమె దగ్గర కిక్కురుమనేవాళ్లు కాదు. అడక్కముందే కొసరు పడితే ఇంకేం అడుగుతారు?

ఆమె ఇల్లు వాగు ఒడ్డున, ఆ వాగు నిజాంసాగర్ వెనక నీళ్లలో కలిసే చోట ఉంది. దాన్ని అక్కడివాళ్లు మొగ అంటారు. చలికాలంలో ఆ బురదలో ఉల్లంకి పిట్టలు వందలకొద్దీ దిగి, పొడుగు ముక్కులతో పురుగులను ఏరుకు తినేవి. ఎగువన మక్కల నుంచి గంజిపిండి తీసే మిల్లు ఒకటి వచ్చాక వాగు పులిసిన వాసన కొట్టసాగింది. బర్రెలు నీళ్లు వాసన చూసి మొహం తిప్పుకున్నాయి. పిట్టలు పలచబడ్డాయి. దుర్గవ్వ ఊరుకునే రకం కాదు. మండలాఫీసుకు పోయి చెప్పింది. "పిట్టలు తగ్గినయని కూడా అర్జీ పెడతరా?" అని అక్కడివాళ్లు పడీపడీ నవ్వారు. ఆ నవ్వు ఆమెకు చాలాకాలం నిద్రలో కూడా వినపడింది.

2010 చలికాలంలో సలోమి వచ్చింది. భిక్నూర్ పిల్ల. కామారెడ్డి కాలేజీలో పాఠాలు చెబుతూ పరిశోధన చేస్తోంది. సముద్రంలో నదులు కలిసే చోట చెడిన నీళ్లు పక్షులను ఏం చేస్తాయో పెద్ద చదువులవాళ్లు రాశారట గానీ, ఇలాంటి వాగు మొగను ఎవరూ పట్టించుకోలేదట. దుర్గవ్వ చెప్పిందంతా ఆ పిల్ల బుద్ధిగా రాసుకుంది. ఒక్కసారి కూడా నవ్వలేదు. ఇక దుర్గవ్వ ఆమె కోసం ఏం చేయమన్నా చేసేదే.

సలోమికి వీలయ్యేది ఆదివారాలే. వచ్చి సీసాల్లో నీళ్లు, డబ్బాల్లో బురద నింపుకుని, పిట్టల ఫొటోలు నాలుగు తీసుకుని బస్సెక్కేది. పిట్టలను ఎంచే పని దుర్గవ్వది. రోజూ తెల్లవారగానే ఒడ్డున కూర్చుని, ఒక చెయ్యి పిట్టలకు ఒక మక్కగింజ చొప్పున చెంబులో వేసేది. ఆ గింజలే సలోమి పుస్తకంలో అంకెలయ్యాయి. మొదటి చలికాలం ఎనిమిది వందలు. మూడోది వచ్చేసరికి రెండు వందలు.

ఆ మూడో చలికాలం చివర సలోమికి గురువైన సునీల్‌కుమార్ సారు స్వయంగా వచ్చాడు. దుర్గవ్వ ఎంచుతుండగా పక్కనే నిలబడి పిట్టల ఫొటో తీసి, కామారెడ్డి పోయి కంప్యూటర్‌లో ఒక్కో పిట్టనూ ఎంచాడు. దుర్గవ్వ చెప్పింది రెండు వందలు. ఫొటోలో ఉన్నవి రెండు వందల పది.

మర్నాడే సలోమి పరుగున వచ్చింది. "అవ్వా, పది పిట్టలు ఎటు పోయినయ్?"

"ఎటు పోతయి? కొసరు ఇడిసిన."

"కొసరా!"

"నూరు నిండినంక ఒక చెయ్యి ఇడువాలె గద బిడ్డా. పిట్టలను ఇచ్చింది వాగు. దానికి కొసరు ఇడువకుంట ఎట్ల ఎంచుతరు?"

సలోమి ఒడ్డున కూర్చుని జరిగింది చెప్పింది. లెక్క తప్పని తేలితే మూడేళ్ల చదువు బూడిదలో పోసిన పన్నీరే. మిల్లు మీద ఆఫీసులో పెట్టబోయే అర్జీ కాగితం ఎవరూ ముట్టుకోరు. సంగతి అప్పుడు అర్థమైంది దుర్గవ్వకు. తనను చూసి నవ్వని ఒకే ఒక్క మనిషిని తనే ముంచింది. "నా చేతులిరగ, నీ చదువు పాడు చేస్తినా!" అని కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

నిజానికి సగం తప్పు సలోమిది. మూడేళ్ల ఆదివారాల ఫొటోలు ఆమె పెట్టెలోనే ఉన్నాయి. ఎంచడానికి బద్ధకమేసి దుర్గవ్వ గింజలనే నమ్ముకుంది. ఇప్పుడు సారూ ఆమే కూర్చుని వారం రోజులు కళ్లు కాయలు కాసేలా ఎంచారు. ప్రతి నూటికీ సరిగ్గా ఐదు తక్కువ. నూరులోపు ఉన్న రోజుల్లో తేడానే లేదు. "ఉజ్జాయింపుగా చెప్పి ఉంటే ఏమీ చేయలేకపోయేవాళ్లం. ఈమె ఒక్కరోజు కూడా పద్ధతి తప్పలేదు. నూటికి ఐదు కలుపు, లెక్క నిలుస్తుంది" అన్నాడు సారు.

నిలిచింది. నీళ్ల పరీక్షలూ పిట్టల లెక్కలూ కలిపి పెట్టిన కాగితాన్ని ఈసారి ఎవరూ నవ్వి తోసేయలేదు. మిల్లువాళ్లు నెలల తరబడి నానబెట్టి, చివరికి నీళ్లను శుభ్రం చేసే తొట్లు కట్టి, వాగులోకి వదిలే గొట్టం మూశారు.

2014 జనవరిలో సలోమి తన పరిశోధన అచ్చేసి అట్ట వేసిన పుస్తకంతో వచ్చింది. మొదటి పేజీలో కృతజ్ఞతలు చెప్పుకుంది. అమ్మానాన్నల పేర్ల కంటే ముందు దుర్గవ్వ పేరుంది. చదివి వినిపిస్తే దుర్గవ్వ ఆ పేరు మీద వేలు పెట్టి చాలాసేపు తీయలేదు. "రేషన్ కార్డు తర్వాత నా పేరు అచ్చుల పడ్డది గిండ్లనే" అంది. కళ్లు తుడుచుకుని, "దేవుడు నిన్ను సల్లగ సూడాలె బిడ్డా. నువ్వు రాకుంటే నా మాట ఎవడింటుండె?" అంది.

తర్వాత చెంబు అందించింది. సలోమి గింజలు నేల మీద పోసి ఎంచింది. అరవై మూడు.

"మూడు వందల పదిహేను. దీనికి కొసరు కలపాలె గద అవ్వా?"

"కలపకు. కొసరు గుడ ఎంచిన." దుర్గవ్వ మొగ వైపు చూసింది. బురదలో ఉల్లంకులు ముక్కులు దించి మేస్తున్నాయి. "గిన్నేండ్లకు మళ్ల వచ్చినయ్. ఒక్కటి ఇడువాలన్నా మనసొప్పుతలేదు."