మడమ ఎముక దాకా

పోయిన ఆదివారం గుడి నుంచి వచ్చి భోజనాలు అయ్యాక, నంద్యాలలో మా ఇంటి వరండాలో మా మనవరాలు చాప మీద బోర్లా పడుకుని ఫోనులో ప్రశ్నలు చదువుకుంటూ ఉంది. పిల్ల నర్సింగు చదువుతోంది. శరీర నిర్మాణ శాస్త్రం, శరీర ధర్మ శాస్త్రం అని మన కాలంలో గొంతు సవరించుకుని పలికిన సబ్జెక్టు పేరును ఈ పిల్లలు ఏ అండ్ పీ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు చేసి జేబులో వేసుకున్నారు. ప్రశ్న కింద నాలుగు జవాబులు ఉంటాయట, ఒకదాని మీద వేలు పెడితే అది పచ్చగానో ఎర్రగానో వెలుగుతుందట. ఎర్రగా వెలిగినా పిల్ల ముఖంలో దిగులేమీ కనిపించదు, పైకి తోసేసి ఇంకో ప్రశ్నకు పోతుంది. పక్కనే కుర్చీలో వాళ్ల అవ్వ, అంటే మా ఆవిడ, ఒళ్లో చేట పెట్టుకుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. నర్సుగా జీవితమంతా పనిచేసి రిటైరైన మనిషి కాబట్టి పిల్ల తల ఎత్తకుండానే సరదాగా అడిగింది.

"అవ్వా, మడమ ఎముకను ఏమంటారు?"

మా ఆవిడ చేతిలో చిక్కుడుకాయ సగంలో ఆగిపోయింది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. తలెత్తి నా వైపు చూసింది. పోయిన వానాకాలంలో జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి ఆమె ఇలా నడుమ నడుమ ఆగిపోతోంది, స్టవ్ దగ్గర నిలబడి ఎందుకు వచ్చానా అని వెతుక్కుంటోంది, డాక్టరేమో చూద్దాం అన్నాడు. ఆ ఒక్క మాట అప్పటి నుంచి మా ఇంట్లోనే ఉంటోంది, మాతోనే అన్నం తింటోంది. నాకు దడ పుట్టించింది మాత్రం ఆ ఆగిపోవడం కాదు, ఆ చూపు. ఆ చూపును నేను ఒకసారి చూసి ఉన్నాను, అదీ ఈ ఊళ్లోనే, ఇట్లాంటి ప్రశ్న దగ్గరే.

అప్పటికి మాకు పెండ్లి కాలేదు. ఆమె మా మేనమామ కూతురు. మా రెండు కుటుంబాలూ ఆళ్లగడ్డలో ఒకే వీధి, ఒకే గుడి, చర్చిని మేం గుడి అనే అంటాం. ఆమె చిన్నతనంలోనే మామ పోతే, బడిలో పంతులమ్మగా ఉన్న మా అత్త ఒక్కతే కూతుర్ని పెంచింది. ఆదివారం బడి కూడా ఆవిడదే. మన ఈడు క్రైస్తవ కుటుంబాల వాళ్లకు చెప్పనక్కరలేదు, ఆదివారం బడి అంటే వాక్యాలు కంఠతా పట్టడం. అత్త పద్ధతి మరీ కఠినం. అధ్యాయం మొదటి వచనం నుంచి అందుకుని చివరిదాకా తొణక్కుండా చెప్పాలి, ఎక్కడైనా తడబడితే ఆగిన చోట అందుకోకూడదు, మళ్లీ మొదటి వచనానికి పోవాలి. ఈ తిరిగి మొదటికి పోవడం అనేది ఆళ్లగడ్డలో మా తరం పిల్లలందరి ఎముకల్లోకీ ఇంకిపోయింది. నాకు ఇంకింది, మా మరదలికి ఇంకా ఎక్కువగా ఇంకింది, ఎందుకంటే ఆమెకు ఆ బడి ఇంట్లో కూడా ఉండేది.

ఆమెకు నంద్యాలలో ఒక ఆసుపత్రి నర్సింగు బడిలో సీటు వచ్చింది. అదే రోజుల్లో నేను ఒక దినపత్రికకు ఆళ్లగడ్డ విలేకరిగా కుదిరాను. మధ్యాహ్నం దాకా ఊరంతా తిరిగి, రాసిన కాగితాలు కవర్లో పెట్టి నంద్యాల బస్సు డ్రైవరు చేతికి ఇచ్చేవాణ్ణి. పెద్దలు మా ఇద్దరికీ పెండ్లి మాట అనుకుని ఉన్నారు గానీ, చదువయ్యాకే అని అత్త గట్టిగా చెప్పింది. తెలుగులో చదువుకున్న పిల్ల, ఇంగ్లీషు పేర్లన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకుని తల్లి నేర్పిన పద్ధతిలోనే కంఠతా పట్టింది. పుర్రె దగ్గర ఫ్రాంటల్, పెరైటల్, టెంపోరల్ అని అందుకుంటే కాలి వేళ్ల దాకా ఎక్కడా ఆగేది కాదు. నర్సింగు బడిలో అద్దాల బీరువాలో కొక్కానికి ఒక అస్థిపంజరం వేలాడుతూ ఉండేదట, దాన్ని ఆడపిల్లలంతా పెద్దాయన అని పిలిచేవాళ్లట. ఈమె పొద్దున్నే వెళ్లి పెద్దాయనకు నమస్కారం పెట్టి, తల నుంచి కాళ్ల దాకా ఆయన్ని అప్పజెప్పి వచ్చేదట.

ఇంత చదివీ మొదటి ఏడాది మౌఖిక పరీక్షలో తప్పింది. బయటి నుంచి వచ్చిన పరీక్షకురాలు పైత్యరసం ఎక్కడ తయారై ఎక్కడికి పోతుందో చెప్పమంది. తెలియని జవాబు కాదు. కానీ దాన్ని అందుకోవాలంటే ఆమె నోటి నుంచి మొదలుపెట్టాలి. పళ్లు, లాలాజలం, నాలుక, అన్నవాహిక అని అందుకుంది. జీర్ణాశయం దగ్గర తడబడింది, తడబడితే ఏం చేయాలో అత్త నేర్పింది కదా, మళ్లీ పళ్లు, లాలాజలం అంది. పరీక్షకురాలు కృష్ణా జిల్లా మనిషట, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "నేనడిగింది పైత్యరసం గురించమ్మాయ్, నువ్వింకా కంచం ముందే కూర్చున్నావు" అని పంపేసింది.

కొన్ని నెలల తర్వాత మళ్లీ పరీక్ష. అదీ తప్పితే పేరు కొట్టేస్తారు. కబురు తెలిసి అత్త ఏడవలేదు, తిట్టలేదు, ఇంకోసారి తప్పితే పెట్టె సర్దుకుని రమ్మంది, వచ్చిన నెలలోనే పెండ్లి చేసేస్తానంది. ఆళ్లగడ్డ బస్టాండులో నా మిత్రుడు, టీ కొట్టు ఆయన, ఈ మాటా, ఆదివారాలు పోయి ఆమెను నేను చదివిస్తానన్న మాటా విని పకపకా నవ్వాడు.

"ఆ పిల్ల తప్పితే నీకు పెండ్లి, గట్టెక్కితే నువ్వు ఇంకా రెండేండ్లు ఈ కొట్టు కాడ టీ తాగాల. నువ్వు పోయి చదివిస్తాండావా? యాడ దొరికినావప్పా నువ్వు!"

నిజమే. కానీ ఆమె నర్సుల తెల్ల టోపీ పెట్టుకోవాలని ఎంత ఆశపడిందో నాకు తెలుసు. టోపీ లేకుండా ఆళ్లగడ్డ బస్సు దిగే ఆమెను ఊహించుకుంటే నాకు పెండ్లి పందిరి కూడా చావు ఇల్లులా కనబడేది.

అంతకు కొద్ది ముందే నాకూ ఇలాంటి దెబ్బే తగిలింది. ఒక గడ్డివాము తగలబడిన వార్త రాసి పంపితే, నంద్యాల కార్యాలయంలో మా ఇన్‌చార్జి నన్ను పిలిపించి, "వాము కాలిందప్పా అంటే, ఆ రైతు పొద్దున్నే లేసి మొగం కడుక్కున్న కాడ్నించి రాసినావేంది? కాలింది ముందు రాయి. మొగం తర్వాత కడుగుదువు గానీ" అన్నాడు. నేనూ అదే అత్త శిష్యుణ్ణి మరి. ఆయన చేతిలో చీవాట్లు తిని తిని, విషయాన్ని నడుమ నుంచి అందుకోవడం నేర్చుకున్నాను. ఈ విద్య మరదలికి కూడా పనికొస్తుందనుకున్నాను.

హాస్టలుకు ఆదివారం సాయంత్రం మనుషుల్ని చూడనిచ్చేవాళ్లు. గేటు లోపల వేపచెట్టు కింద సిమెంటు బల్ల మీద మేమిద్దరం ఆ చివర ఒకరం, ఈ చివర ఒకరం కూర్చుంటే, ఎదురుగా వార్డెనమ్మ ఊలు అల్లుకుంటూ చెవి మా మీదే పెట్టేది. మొదటి వారం ఆవిడ అనుమానంగా చూసింది. నేను ప్లీహం ఎడమనా కుడినా అని అడగడం, ఈమె కళ్లనీళ్లు పెట్టుకోవడం చూసి, ఆ తర్వాతి వారం నుంచి ఆవిడే జాలిపడి మాకు టీ పంపేది.

నేను వరస తప్పించి అడిగేవాణ్ణి. మూత్రపిండం నుంచి ఒకటి, చెవి నుంచి ఒకటి, మోకాలి నుంచి ఒకటి. వారాలు గడిచే కొద్దీ జవాబులు రావలసింది పోయి, జరగకూడనిది జరిగింది. నడుమ నుంచి అందుకోవడం రాలేదు సరిగదా, మొదటి నుంచి చెప్పే వరస కూడా తెగిపోయింది. పెద్దాయన ముందు నిలబడితే పుర్రె దాటి కిందికి దిగలేకపోతున్నానని ఒక ఆదివారం చెప్పింది. అప్పుడు నా వైపు చూసిన చూపే నేను చెప్తున్నది. ఉన్న దారాన్ని తెంపి చేతిలో పెట్టావే బావా అన్నట్టుంది అది. ఆ వారమంతా ఆళ్లగడ్డలో నేను ఏ వార్త రాయబోయినా చేయి ఆడలేదు. పరీక్ష దగ్గర పడుతోంది. నేను లేకపోతే కనీసం మొదటి నుంచైనా చెప్పుకునేది కదా, పరీక్షకురాలు దయగలదైతే విని ఉండేది కదా అని నాలో నేనే నలిగిపోయాను.

పరీక్షకు ముందటి ఆదివారం అత్త వచ్చింది. చేతి సంచిలో జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి. వచ్చేసరికి కూతురు అరచేతుల్లో ముఖం పెట్టుకుని కూర్చుని ఉంది, నేను పక్క చూపులు చూస్తున్నాను, వార్డెనమ్మ అల్లిక ఆపి అత్తను చూసింది.

"ఏందే, ఏమయింది?" అంది అత్త.

"నడుమ అడిగితే రాదు. మొదట్నించి పోదామంటే అదీ రాదు మా. ఇంటికొచ్చేస్తా నేను."

అత్త సంచి కింద పెట్టి, చెమట తుడుచుకుని, బల్ల మీద మా ఇద్దరి నడుమ కూర్చుంది. తర్వాత రొట్టె తుంచి కూతురి చేతిలో పెడుతూ, "నేను ఈపొద్దు బస్సు యాడ ఎక్కితినో తెలుసునా?" అంది.

"ఆళ్లగడ్డలో."

"కాదు. రాత్రి దారిలో శిరివెళ్లలో ప్రార్థన కూటమి ఉంటే ఆడనే పండుకొంటి. మద్దేనం శిరివెళ్లలోనే ఎక్కితి. నంద్యాల రాలేదా నేను? ఈడకి వచ్చేదానికి మళ్లీ ఆళ్లగడ్డకి పోయి ఎక్కాల్నా?"

మరదలు తలెత్తింది.

"అట్లని యాడ పడితే ఆడ, చేన్లల్లో నిలబడి చేయెత్తితే బస్సు ఆపడు. నీకు తెలిసిన ఊరు ఒకటి చూసుకో. అడిగిందానికి దగ్గర్లో. ఆడ ఎక్కు." అని, నా వైపు తిరిగి, "నువ్వేమో పిల్లని నడి రోడ్డు మీద దించేసినావ్" అంది.

తడబడితే మొదటికి పొమ్మని ఒక తరాన్ని నిలబెట్టిన మనిషి, ఆ నియమాన్ని తన చేత్తోనే తీసి పక్కన పెట్టడం నేను ఆ ఒక్కసారే చూశాను. ఆ సాయంత్రం ముగ్గురం కలిసి శరీరమంతటా ఊర్లు పెట్టుకున్నాం. మోకాలు ఒక ఊరు, మోచేయి ఒక ఊరు, జీర్ణాశయం కొంచెం పెద్ద ఊరు, బస్సు కాసేపు ఆగుతుంది. గంట కొట్టి మమ్మల్ని బయటికి పంపే వేళకు ఆమె సగం దారి పోగలిగింది. సగమే. మిగతా సగం మాట ఏమిటని తిరుగు బస్సులో నేనూ అత్తా ఒకరినొకరం అడగలేకపోయాం.

పరీక్ష రోజు నేను ఆసుపత్రి ఆవరణలో ఎండలో నిలబడ్డాను. ఒక్కొక్క అమ్మాయి లోపలికి పోవడం, వచ్చేటప్పుడు ముఖం చూసి ఏం జరిగిందో పోల్చుకోవడానికి నేను ప్రయత్నించడం, ఇదే పని. విలేకరినై ఎన్నో ఆసుపత్రుల ముందు నిలబడ్డాను గానీ, ఆనాడు మాత్రం లోపల ఆపరేషను జరుగుతున్నది నా మనిషికే అనిపించింది. ఆమె లోపలికి పోయింది. చాలాసేపు రాలేదు.

తర్వాత ఆమె చెప్పగా తెలిసింది. పరీక్షకురాలు మళ్లీ ఆ కృష్ణా జిల్లా ఆవిడే. గుర్తుపట్టింది కూడా. ఏమీ అడగకుండా బల్ల మీది ఎముకల్లోంచి ఒక మొద్దు ఎముక తీసి చేతిలో పెట్టింది. ఈమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. పుర్రె దాకా పరుగెత్తబోయిన మనసును పట్టి ఆపి, తెలిసిన ఊరు ఏదని చూసుకుంటే మోకాలు కనబడింది. అక్కడ ఎక్కింది. పటెల్లా, టిబియా, ఫిబులా, టేలస్, కాల్కేనియస్. మడమ ఎముక. కుడిదా ఎడమదా అని అడిగితే, చెప్పు విప్పి ఎముకను తన మడమ పక్కన పెట్టి చూసుకుని కుడిది అందట. "ఈసారి కంచం ముందు నుంచి లేచావే" అని ఆవిడ నవ్విందట. బయటికి వచ్చిన మరదలు నన్ను చూసి మాట్లాడలేక, కాలు కొంచెం ముందుకు చాపి మడమ చూపించింది. నాకేమీ అర్థం కాలేదు గానీ గట్టెక్కిందని మాత్రం తెలిసింది. టీ కొట్టు కాడ నేను ఇంకా రెండేళ్లు టీ తాగాను.

ఆ ఎముక పేరే పోయిన ఆదివారం ఆమె నోటికి రాలేదు. పిల్ల ఫోను దించి, తప్పు చేశానా అన్నట్టు నన్ను చూసింది. మోకాలి దగ్గర ఎక్కు అని మా ఆవిడతో మెల్లగా అన్నాను. ఆమె మోకాలి మీద చేయి పెట్టుకుని ఆలోచించింది, తల అడ్డంగా ఊపింది. తుంటి అన్నాను. అక్కడా బస్సు ఆగలేదు. కొంతసేపటికి, ఏమీ తోచక, అత్త గొంతు గుర్తు తెచ్చుకుని, "ఫ్రాంటల్" అన్నాను.

"పెరైటల్" అంది మా ఆవిడ వెంటనే. "టెంపోరల్, ఆక్సిపిటల్..." చిక్కుడుకాయ ఈనె తీయడం కూడా మళ్లీ మొదలైంది. ముఖం దాటింది, మెడ దాటింది, ప్రక్కటెముకలు, భుజం, చేయి. పిల్ల నోరు తెరుచుకుని వింటోంది, నేను ఒక్కో పేరూ లెక్కపెట్టుకుంటూ వింటున్నాను, ఒక్క చోట తడబడినా వెనక్కి పోతుందేమో, పోతే మళ్లీ రాగలదో లేదో అని. తుంటి, తొడ, మోకాలు. టేలస్. కాల్కేనియస్. అడిగిన జవాబు అదేనని ఆమె గమనించనే లేదు. అక్కడ ఆగకుండా కాలి వేళ్ల చివరిదాకా పోయి, చేటలో కాయలు అయిపోయాయని చూసుకుని లోపలికి వెళ్లింది.

ఇప్పుడు ఆళ్లగడ్డ నుంచి వచ్చే పెద్ద రోడ్డు ఊర్ల బయటి నుంచే పోతుంది, ఎక్స్‌ప్రెస్ బస్సులు నడుమ ఎవరి కోసమూ ఆగవు, ఎక్కితే మొదట్లోనే ఎక్కాలి. నాకు తొందరేమీ లేదు. మనవరాలికి మాత్రం చెప్పాను, అవ్వను ఏది అడగాలన్నా నడుమ అడగొద్దమ్మా, మొదటి పేరు అందించి పక్కన కూర్చో అని. రోజూ సాయంత్రం ఆ పేరు నేనే అందిస్తున్నాను. మడమ దాటేదాకా గుండె చేత్తో పట్టుకుని వింటున్నాను.