రిలీఫ్ వచ్చేదాకా

నాగపూర్ కాలేజీ వల్ల నాకు కలిగిన లాభాల్లో లావుపాటి ఇంగ్లిషు నిఘంటువు ఒకటి. రెండోది గుర్తు రావడం లేదు. 'రిలీఫ్' అనే మాటకు మూలం లాటిన్ అనీ, అసలర్థం బరువును పైకెత్తడమనీ అందులో ఉంది. తర్వాత, కాపలా సిపాయిని పంపించేసి అతని చోట నిలబడే మనిషికి కూడా ఆ పేరు వచ్చిందట. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో లాటిన్ ఎవరికీ రాదు గాని, ఈ మాట రాని ఇల్లు లేదు. "మీ ఆయన రాలేదేటి?" "రిలీఫ్ రాలేదు." ఆ పైన ఇంకెవరూ అడగరు.

నాన్న కేబిన్‌లో సిగ్నళ్ల లీవర్లు లాగేవారు. తర్వాతి మనిషి వచ్చి పుస్తకంలో సంతకం పెట్టేదాకా, కొంప అంటుకున్నా మెట్లు దిగకూడదు. అందుకే అక్క పెళ్లికి పురోహితుడు పంచాంగంతో పాటు డ్యూటీ చార్టు కూడా తెప్పించుకున్నాడు. మా కాలనీలో అది ఆచారం. నాన్న ఉదయం ఎనిమిదికి దిగుతారు, ముహూర్తం తొమ్మిదింబావుకి.

"ఇంక సెలవు దేనికి, దండగ?" అన్నారు నాన్న.

ఎనిమిదిన్నరైనా ఆయన రాలేదు. అమ్మ నన్ను కేబిన్‌కు తరిమింది. కిటికీలోంచి నాన్న ఒకటే మాట అరిచారు: "రిలీఫ్ రాలేదురా!" కన్యాదానం చేయవలసిన మనిషి చేతిలో అక్క చేతికి బదులు లీవరు ఉంది.

రిలీఫ్ మా పందిట్లోనే దొరికాడు. రెండోసారి ఉప్మా వడ్డించుకుంటున్నాడు.

"మావయ్యా, నువ్విక్కడున్నావేటి? నాన్న ఇంకా కేబిన్‌లోనే ఉన్నారు!"

"మీ నాన్నా? కూతురి పెళ్లికి సెలవెట్టని మనిసుంటాడేటిరా! అక్కడెవడో ఉంటాడు, గంట ఆగుతాడు, తినీసి ఎల్దుమనుకున్నాను. తప్పకుండా రావాలని పిలిచింది మీ నాన్నే!"

"ముందు లెగు."

"సెయ్యి కడుక్కోనీ."

"కేబిన్‌లో కడుక్కుందువు గాని."

వంటాయనా నేనూ చెరో రెక్కా పట్టుకుని లేపాం. బరువైన మనిషి.

పురోహితుడు గోత్రప్రవరలు తాపీగా రెండోసారి చదువుతుండగా నాన్న పరుగున వచ్చారు. ఖాకీ చొక్కా విప్పకుండానే పట్టుపంచె చుట్టుకుని పీటల మీద కూర్చున్నారు. ముహూర్తానికి మూడు నిమిషాలుంది. అక్క చేతిని బావ చేతిలో పెట్టి, ధార పోసి, నా వైపు వంగారు.

"మన రిలీఫ్ ఏటైనా తిన్నాడా?"

"రెండోసారి పెట్టుకున్నది సగమే తిన్నాడు."

"మిగతాది పట్టికెళ్లి ఇచ్చీ. అరకడుపుతో లీవరు లాగితే నడుం పట్టీస్తాది."