హెప్సి ప్రథమ ఫలం

లండన్ క్రోయిడన్‌లో వృద్ధుల కేర్‌హోమ్‌లో పనిచేసే రోజమ్మ టీ కప్పు అందించడానికి కూడా గ్లవ్స్ తొడుక్కుంటుంది. ‘నీ నల్ల చెయ్యి తగలనివ్వకు’ అని అక్కడుండే ఓ ముసలి దొరసాని అన్నప్పటి నుంచీ అంతే. ఒట్టి చేత్తో ఎవరి చెయ్యైనా నిమరాలని ప్రాణం కొట్టుకుంటుంది, అయినా నోరెత్తదు. కూతురు హెప్సి అలా కాదు. తెల్లకుర్రాళ్లు చంపేసిన నల్లబ్బాయి గురించి ఆ ఏడు టీవీ నిండా చర్చలే. అతనికి న్యాయం కావాలనే ఊరేగింపు కోసం బ్యానర్లకీ రంగులకీ హెప్సి తన మొదటి జీతమంతా పెట్టేసింది.

“మొదటి జీతమంటే ప్రథమ ఫలం, అది దేవుడిదే! మేం జీతం కవరు విప్పకుండా చర్చిలో వేశాం,” అని రోజమ్మ కేకలేసింది.

“ఇట్స్ ఫర్ యూ టూ, మమ్,” అంది హెప్సి, తల్లి బ్యాగులోని గ్లవ్స్ వైపు చూపిస్తూ.

ఆదివారం కానుకల సంచి తమ వరసలోకి రాగానే హెప్సి తలొంచుకుంది. రంగు మరకలు వదలని కూతురి చేతిని రోజమ్మ ఒట్టి చేత్తో గట్టిగా పట్టుకుంది. “మా పిల్ల ప్రథమ ఫలం దేవుడికి ముట్టిందండీ,” అని సంచి తెచ్చినాయనతో చెప్పింది.