బుడగ కనిపిస్తే పిలవమన్నాం

ఈ రోజు తెలంగాణ బంద్. కరీంనగర్ రోడ్డు మీద రాస్తారోకో. జగిత్యాలలో మా ఐసీయూలోనేమో ట్రాక్టర్ మీంచి పడ్డ రాయికల్ రైతు, నిలకడ లేని బీపీ. కాలేయం చిట్లింది. రక్తం ఇంకా కారుతోందా అన్నది తేలాలి, సీటీ స్కాన్‌కు కరీంనగర్ పంపే దారి లేదు. అల్ట్రాసౌండ్ స్కానింగ్ మిషన్‌ను మంచం దగ్గరికే తెప్పించి, కాంట్రాస్ట్ మందు సిరంజిలోకి తీశాను.

"ఇవి కంటికి కనిపించని బుడగలమ్మా. రక్తం ఎక్కడ కారుతున్నా తెర మీద తెల్లగా చూపిస్తాయి," అని అతని భార్య రాజవ్వకు చెప్పాను.

ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"సెలైన్ పైపుల బుడగ కనవడితె పిలువుమని, కండ్లార్పకుండ చూడుమని పొద్దుగాల సిస్టరమ్మ చెప్పింది. గిప్పుడు నువ్వే బుడగలు ఎక్కిస్తవా సారూ?"

"ఇవి వేరమ్మా, ఊపిరితో బయటికి పోతాయి. చూడకుండా కడుపు కొయ్యలేను కదా."

కాసేపటికి చెయ్యి వదిలింది. మందు ఎక్కించాను. తెర మీద కాలేయం మెల్లగా తెల్లబడింది. చిట్లిన చోటు నల్లగానే ఉండిపోయింది, బయటికి ఏమీ కారలేదు. రక్తం ఆగిపోయింది, ఇక కడుపు కొయ్యనక్కర్లేదు.

రాజవ్వ తెర వంక చూడనే లేదు. నేను ఇంటికి బయల్దేరినప్పుడు కూడా సెలైన్ పైపునే చూస్తోంది.

మా ఐసీయూలో అలారాలు చాలానే ఉన్నాయి. నన్ను ఆపింది మాత్రం ఆమె ఒక్కతే. మీరైతే నా చెయ్యి వదిలేవారా?