పాటలో రానివాడు

మావారు సరిహద్దులో చనిపోయి అప్పటికి ఏడాది కావస్తోంది. రాయపూర్‌లో రైల్వేవాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో నేనూ అత్తయ్యా ఉండేవాళ్లం. యుద్ధానికి వెళ్లినవాడు తిరిగిరాని ఒక పాత పాట రేడియోలో వస్తే, అత్తయ్య పని ఆపి వినేవారు. ఆ పాట ఆధారంగా సినిమా తీశారని పక్కింటి భాభీ వచ్చింది.

"చలో అమ్మా, మన్ హల్కా అవుతుంది, మనసు తేలికపడుతుంది" అని మమ్మల్ని హాలుకు తీసుకెళ్లింది.

సినిమాలో అతను తిరిగొచ్చాడు. శవపేటికలో వచ్చింది వేరెవరో అట. అతను గుమ్మంలో నిలబడగానే హాలంతా ఈలలు వేసింది. అత్తయ్య నా చేయి పట్టుకున్నారు.

"మనకీ పెట్టె మూత తియ్యనివ్వలేదు గదేటే, అమ్మీ?"

"అది సినిమా, అత్తయ్యా."

"నువ్వు సూసేవేటి ఆడి మొకం?"

నేనూ చూడలేదు.

మరుసటి వారం సంవత్సరీకానికి పురోహితుడు వస్తే ఆవిడ గేటు దగ్గరే ఆపేశారు.

"బతికున్నోడికి తద్దినమేటి బాబూ?"

ప్రేక్షకులు సంతోషంగా ఇంటికి వెళ్లాలని ముగింపు మార్చి ఉంటారు. అత్తయ్య ఆరోజు సంతోషంగానే ఇంటికి వచ్చారు. పోయేదాకా కొడుకు కోసం ఎదురుచూశారు. ఇప్పుడు ఇద్దరికీ తద్దినాలు నేనే పెట్టిస్తున్నాను.